కాగితం నుండి కంచం వరకు

కవి కావ్యం వ్రాస్తే పాఠకుడు చదువుతాడు. గాయకుడు పాడితే శ్రోత వింటాడు. తమ కృషి ఫలించినదీ లేనిదీ వారు ఎదుటివారి ముఖం చూచి తెలుసుకొనగలరు. శాస్త్రజ్ఞుని సంగతి వేరు. ఆయన ఏళ్ళ తరబడి శ్రమించి కనుగొన్న విషయాన్ని కొన్ని పుటల వ్యాసంగా వ్రాసి ఒక శాస్త్ర పత్రికకు పంపుతాడు. ఆ రంగంలో నిపుణులైనవారు దానిని పరీక్షించి, లోపాలు చూపి, సవరింపజేసిన పిదప అది అచ్చవుతుంది. దీనినే పరిశోధనా పత్రం అంటారు. అచ్చయిన తరువాత అది ఏమవుతుంది? దానిని ఎవరు చదువుతారు? ముఖ్యంగా ఆ పరిశోధన పసిబిడ్డల ఆకలిని గూర్చినదైనప్పుడు, ఆ వ్యాసాన్ని ఎన్నడూ చూడని తల్లి ఇంటికి దాని ఫలితం ఏ దారిన చేరుతుంది?

శాస్త్రలోకంలో దీనికొక లెక్క ఉన్నది. ఒక శాస్త్రజ్ఞుడు వ్యాసం వ్రాసేటప్పుడు తాను ఆధారపడిన పూర్వ వ్యాసాలను చివర పేర్కొంటాడు. దానిని ఉల్లేఖనం అంటారు. అమెరికా దేశస్థుడైన యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో ఇట్టి ఉల్లేఖనాల సూచికను వెలువరించాడు. ఏ వ్యాసాన్ని ఎందరు, ఎన్నిసార్లు పేర్కొన్నారో దానిలో చూచుకొనవచ్చు. ఒక పత్రికలో గత రెండేళ్ళలో వచ్చిన వ్యాసాలను ఈ సంవత్సరం ఎన్నిసార్లు పేర్కొన్నారో లెక్కించి, ఆ సంఖ్యను ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తే వచ్చేది ఆ పత్రిక ప్రభావ గుణకం. 2005లో జార్జ్ హర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త వ్యక్తులకు వర్తించే మరొక కొలతను ప్రతిపాదించాడు. దానికి హెచ్-సూచిక అని పేరు. ఒకరి వ్యాసాలలో ఇరవై వ్యాసాలు, ఒక్కొక్కటి కనీసం ఇరవైసార్లు ఉల్లేఖింపబడితే, ఇరవై ఒకటవ మెట్టు మాత్రం అందకపోతే, ఆయన హెచ్-సూచిక ఇరవై. వందలకొద్దీ వ్యాసాలు వ్రాసినా వాటిని ఎవరూ పేర్కొనకపోతే సూచిక సున్న వద్దనే నిలిచిపోతుంది.

ఈ లెక్కలు నిష్ప్రయోజనమైనవని అనలేము. ఒకరి మాట తోటివారి చెవిన పడినదా లేదా అనే సంగతిని అవి తెలుపుతాయి. కాని అవి తెలిపేది అంతవరకే. ఒక వ్యాసాన్ని మెచ్చుకొని పేర్కొన్నా, ఖండించడానికి పేర్కొన్నా లెక్కలో రెండూ ఒకటే. పత్రిక గొప్పదైనంత మాత్రాన అందులోని ప్రతి వ్యాసమూ గొప్పది కాదు. పత్రికా గుణకాన్ని బట్టి శాస్త్రజ్ఞుని విలువ కట్టరాదని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సమావేశమైన శాస్త్ర పత్రికల సంపాదకులు, ప్రచురణకర్తలు ఒక ప్రకటన కూడా రూపొందించారు. గ్రామంలోని బిడ్డ బరువు పెరిగినదా లేదా అన్నది ఏ ఉల్లేఖనాల సూచికలోనూ కనిపించదు. పోషకాహార శాస్త్రంలో అసలు ప్రశ్న అదే. ఈ సంగతిని గ్రహించడానికి మన హైదరాబాదులోనే సుదీర్ఘకాలం పనిచేసిన ఒక శాస్త్రజ్ఞుని కృషిని పరిశీలించడం ఉచితం.

ఆయన డాక్టర్ కొలత్తూరు గోపాలన్. 1918 నవంబరు 29న తమిళనాడులోని సేలంలో జన్మించారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివి, లండన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. స్వదేశానికి తిరిగి వచ్చి నీలగిరులలోని కూనూరు పోషకాహార పరిశోధనాలయంలో చేరారు. రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు 1918లో బెరిబెరి వ్యాధిని గూర్చి పరిశోధించడానికి ఒకే ఒక గదిలో ప్రారంభించిన చిన్న విభాగం క్రమంగా పెరిగి ఆ పరిశోధనాలయమైనది. 1958లో అది హైదరాబాదుకు, ఉస్మానియా విశ్వవిద్యాలయం చెంతకు తరలివచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పొందింది. గోపాలన్ ఆ సంస్థకు సంచాలకులుగా ఉండి, 1974 నుండి 1979 వరకు భారత వైద్య పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్‌గా పనిచేశారు. 1980లో ఢిల్లీలో భారత పోషకాహార ఫౌండేషన్‌ను నెలకొల్పారు. 1987లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం, 2003లో పద్మభూషణ్ పురస్కారం ఆయనను వరించాయి. నూరేళ్ళు నిండిన తరువాత 2019 అక్టోబరు 3న చెన్నైలో కన్నుమూశారు.

బిరుదులను అట్లుంచి, ఆయన వ్యాసాలు ఏమి సాధించాయో చూద్దాం.

1933లో సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు పశ్చిమ ఆఫ్రికాలోని గోల్డ్‌కోస్టులో, అనగా నేటి ఘనాలో, పసిపిల్లలకు వచ్చే ఒక వింత జబ్బును వర్ణించింది. బిడ్డ కాళ్ళు, ముఖం ఉబ్బుతాయి. చర్మం పొరలు పొరలుగా లేచిపోతుంది. జుట్టు ఎర్రబారుతుంది. ఆకలి చచ్చిపోతుంది. తల్లి మరల గర్భవతియై చంటిబిడ్డకు పాలు మాన్పించిన తరువాత ఈ జబ్బు వస్తుందని అక్కడి ప్రజలకు తెలుసు. అందుచేతనే వారి గా భాషలో దానికి క్వాషియార్కర్ అని పేరు. తరువాతి బిడ్డ రాకతో చోటు కోల్పోయిన పెద్దబిడ్డకు వచ్చే వ్యాధి అని దాని భావం. ఇంతటి కథను ఒక్క పదంలో ఇమిడ్చిన ఆ తల్లుల పరిశీలన శాస్త్రజ్ఞుల పరిశీలనకు తీసిపోదు.

మెరాస్మస్ అనే మరొక వ్యాధి ఉన్నది. దానిలో ఉబ్బు ఉండదు. బిడ్డ ఎముకలగూడై, ముఖం ముడుతలు పడి, ముసలివాని వలె కనిపిస్తాడు. ఆహారం మొత్తంగా చాలనప్పుడు, అనగా కేలరీలు చాలనప్పుడు మెరాస్మస్ వస్తుందనీ, కేలరీలు సరిపోయినా మాంసకృత్తులు చాలనప్పుడు క్వాషియార్కర్ వస్తుందనీ ఆనాటి వైద్య గ్రంథాలు బోధించేవి. ఈ బోధన గ్రంథాలతో ఆగలేదు. పేద దేశాల పిల్లలను పీడించేది మాంసకృత్తుల లోటేనని ప్రపంచమంతటా నమ్మకం కుదిరింది. 1968లో ఐక్యరాజ్యసమితి రానున్న మాంసకృత్తుల సంక్షోభాన్ని నివారించాలని పిలుపునిచ్చింది. చేపల పొడి నుండి, ఆకుల రసం నుండి, చివరకు పెట్రోలియం మీద పెంచిన సూక్ష్మజీవుల నుండి మాంసకృత్తులు తీయాలని పెద్ద పెద్ద ప్రయోగశాలలు పూనుకొన్నాయి. ఇవి ఖర్చుతో కూడిన పనులు. పేదవాని ఇంట అన్నం కుండ నిండుతున్నదా అనే ప్రశ్న ఈ కోలాహలంలో వెనుకపడింది.

గోపాలన్ బృందం చేసిన పని చూడటానికి చాలా సామాన్యమైనది. వారు ఇంటింటికీ వెళ్ళి పిల్లలు ఏమి తింటున్నారో, ఎంత తింటున్నారో తూచి వ్రాసుకొన్నారు. క్వాషియార్కర్ వచ్చిన బిడ్డ ఆహారానికీ, మెరాస్మస్ వచ్చిన బిడ్డ ఆహారానికీ గుణంలో చెప్పుకోదగిన తేడా వారికి కనిపించలేదు. ఒకే విధమైన తిండి తిన్న పిల్లలలో కొందరికి ఒక జబ్బు, కొందరికి మరొక జబ్బు వస్తున్నాయి. కనుక తేడా తిండిలో కాక శరీరంలో ఉండాలని గోపాలన్ 1968లో ప్రకటించిన వ్యాసంలో వాదించారు. లోటును ఎట్లో సర్దుకొన్న శరీరం మెరాస్మస్ రూపంలో ఎండిపోతుంది. సర్దుకొనలేక చేతులెత్తేసిన శరీరం క్వాషియార్కర్ రూపంలో ఉబ్బిపోతుంది. ఇది ఆయన ఊహ. క్వాషియార్కర్‌కు మూలకారణమేమిటో నేటికీ పూర్తిగా తేలలేదు. ఆయన ఊహ సగమే నిజం కావచ్చు. కాని ఆహారం వేరైనందువల్లనే జబ్బు వేరైనదనే పాత మాటకు మాత్రం ఆ వ్యాసంతో పునాది కదిలింది.

ఇంతకూ కేలరీలకూ మాంసకృత్తులకూ గల సంబంధమేమిటి? మాంసకృత్తులు శరీరాన్ని నిర్మించే వస్తువులు. కేలరీలు శరీరాన్ని నడిపే ఇంధనం. ఇంధనం చాలనప్పుడు శరీరం మాంసకృత్తులను నిర్మాణానికి వాడక ఇంధనంగా కాల్చివేస్తుంది. పొయ్యిలోకి కట్టెలు లేనప్పుడు ఇంటి కప్పుకు ఉన్న వాసాలు తీసి కాల్చుకొనడం వంటిది ఇది. అట్టి ఇంటికి ఎన్ని కొత్త వాసాలు తెచ్చిపెట్టినా అవీ పొయ్యిలోకే పోతాయి. ముందు కట్టెలు తేవాలి. మరొక సంగతి. మన బియ్యంలో నూటికి సుమారు ఏడు పాళ్ళు, జొన్నలో పది పాళ్ళు, కందిపప్పులో ఇరవై రెండు పాళ్ళు మాంసకృత్తులు ఉన్నాయి. పప్పూ అన్నమూ తినే బిడ్డ కడుపునిండా తిన్నప్పుడు, ఆ తిండితోపాటే మాంసకృత్తులు కూడా చాలావరకు సమకూరుతాయి. లోటు తిండి రకంలో కన్న, తిండి పరిమాణంలో ఎక్కువ ఉన్నదని హైదరాబాదు శాస్త్రజ్ఞుల లెక్క తేల్చింది. ఒకటి నుండి మూడు సంవత్సరాల బిడ్డకు ఆనాటి ప్రమాణం ప్రకారం రోజుకు సుమారు 1200 కేలరీలు కావాలి. పేద కుటుంబాల పిల్లలకు అందులో మూడు వందలో, అంతకు మించియో లోటు పడుతున్నది.

లెక్క వేయడం ఒక ఎత్తు, నిరూపించడం ఒక ఎత్తు. గోపాలన్, ఆయన సహచరులు హైదరాబాదు సమీప గ్రామాలలో అయిదేళ్ళలోపు పిల్లలకు గోధుమపిండి, పంచదార, నూనె కలిపి చేసిన తినుబండారాన్ని ప్రతిదినం పెట్టించారు. దానిలో సుమారు 310 కేలరీలు ఉన్నాయి. మాంసకృత్తులు మాత్రం మూడు గ్రాములే. మాంసకృత్తుల వాదమే నిజమైతే ఈ తిండి వల్ల పిల్లలు పెద్దగా పెరగరాదు. కాని పధ్నాలుగు నెలల తరువాత తూచి, కొలిచి చూస్తే, ఈ తినుబండారం తినని పిల్లల కన్న తిన్న పిల్లలు ఎత్తులోనూ బరువులోనూ స్పష్టంగా ఎక్కువ పెరిగారు. 1973లో ఒక అమెరికన్ పోషకాహార పత్రికలో ఈ ఫలితాలు వెలువడ్డాయి. నాలుగు పుటల వ్యాసం. అందులో చెప్పినది ఆవు కథ వలె చిన్నది, అర్థమయ్యేది.

మూడు వందల కేలరీలు అంటే ఎనభై, తొంభై గ్రాముల బియ్యం. పెద్దవారికి అది నాలుగు ముద్దల అన్నం. రెండేళ్ళ బిడ్డ పొట్ట చిన్నది కనుక ఆ అన్నం ఒకేసారి పట్టదు. రోజులో మరొకటి రెండుసార్లు పెట్టాలి. అన్నంలో ఒక చెంచా నూనె గాని నెయ్యి గాని కలిపితే పరిమాణం పెరగకుండానే నలభై అయిదు కేలరీలు చేరతాయి. ఇటువంటి మాటలు పెట్రోలియం సూక్ష్మజీవుల వలె పత్రికలకెక్కవు. కూలికి పోయే తల్లి బిడ్డకు రోజుకు అయిదుసార్లు ఎట్లు తినిపించగలదనే చిక్కు ప్రశ్న కూడా వెంటనే ఎదురవుతుంది. అది ప్రయోగశాలలో తేలే ప్రశ్న కాదు.

ఇదే కాలంలో ఇతరులు కూడా ఇట్టి నిర్ణయానికే వచ్చారు. అంతర్జాతీయ నిపుణుల సంఘం 1971లో సమావేశమై మాంసకృత్తుల అవసరాన్ని తగ్గించి లెక్కగట్టింది. 1974లో డోనాల్డ్ మెక్‌లారెన్ అనే వైద్యుడు ప్రసిద్ధ లాన్సెట్ పత్రికలో, మాంసకృత్తుల పేరిట జరిగినదంతా పెద్ద వైఫల్యమని తీవ్రంగా వ్రాశాడు. మన దేశంలో 1970 ప్రాంతంలో మొదలైన ప్రత్యేక పోషకాహార కార్యక్రమంలోనూ, 1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంలోనూ పిల్లలకు రోజుకు 300 కేలరీల అదనపు ఆహారం ఇవ్వాలని నిర్ణయించారు. 1973 నాటి వ్యాసం వల్లనే ఈ అంకె వచ్చిందని చెప్పుట పొరపాటు. కార్యక్రమమే వ్యాసం కన్న ముందు మొదలైనది కదా. పరిశోధకులు చేసిన సర్వేలు, సమావేశాలలో చెప్పిన మాటలు, ప్రభుత్వ సంఘాలకు ఇచ్చిన నివేదికలు వీటన్నింటి నుండి అట్టి అంకెలు పుడతాయి. ఏ చినుకు వల్ల చెరువు నిండినదో చెప్పగలవారెవరు? ఉల్లేఖనాల లెక్క ఇక్కడనే తడబడుతుంది.

అట్లని కేలరీలతోనే అన్నీ సరిపోతాయని భావించరాదు. పాలు, గ్రుడ్లు, పప్పులు, ఆకుకూరలు లేని ఆహారంలో ఇనుము, జింకు, విటమిన్లు కొరవడతాయనీ, మాటిమాటికీ వచ్చే విరేచనాలు తిన్నదానిని ఒంటబట్టనీయవనీ తరువాతి పరిశోధనలు స్పష్టపరిచాయి. సమగ్ర శిశు అభివృద్ధి పథకంలో కూడా 2009లో అదనపు ఆహారాన్ని 500 కేలరీలకూ, మాంసకృత్తులను 12 నుండి 15 గ్రాములకూ పెంచారు.

గోపాలన్ పేరుతో ముడిపడిన మరొక రచన అసలు పరిశోధనా పత్రమే కాదు. 1971లో గోపాలన్, రామశాస్త్రి, బాలసుబ్రమణియన్‌లు కలిసి భారతీయ ఆహార పదార్థాల పోషక విలువలను పట్టికలుగా ప్రకటించారు. దీనికి మూలం 1937లో ఆక్రాయిడ్ కూనూరులో వెలువరించిన చిన్న పుస్తకం. నూరు గ్రాముల తోటకూరలో ఇనుమెంత, రాగులలో సున్నమెంత, మునగాకులో విటమిన్ ఎ ఎంత అనే వివరాలు తప్ప అందులో వాదం లేదు, సిద్ధాంతం లేదు. ఐనా వైద్య విద్యార్థులు, హాస్టలు భోజనం లెక్కగట్టేవారు, మధ్యాహ్న భోజన పథకం తయారుచేసేవారు, గృహవిజ్ఞాన శాస్త్రం చదివేవారు నాలుగు దశాబ్దాలకు పైగా దానిని అరగదీశారు. పైన చెప్పిన బియ్యం, జొన్న, కందిపప్పు లెక్కలు కూడా ఆ పట్టికలలోనివే. 1989లో దానిని సవరించారు. 2017లో అదే సంస్థ 528 ఆహార పదార్థాలతో కొత్త పట్టికలను ప్రకటించింది. నా దృష్టిలో గోపాలన్ రచనలన్నింటిలోనూ అత్యధికంగా ఉపయోగపడినది ఈ పట్టికల పుస్తకమే. నిఘంటువును చదివి ఆనందించేవారు అరుదు, కాని అది లేక చదువు సాగదు.

పరిశోధనా ఫలితాలు ఎల్లవేళలా ఒకే దారిన నడవవు. విటమిన్ ఎ విషయమే తీసుకొందాం. ఆ విటమిన్ లోపిస్తే బిడ్డకు మొదట రేచీకటి వస్తుంది. ముదిరితే నల్లగ్రుడ్డు మెత్తబడి చూపు శాశ్వతంగా పోతుంది. ఏడాదికి ఒకసారి నోటి ద్వారా పెద్ద మోతాదు ఇచ్చినా కాలేయం దానిని నిలువ చేసుకొంటుందని హైదరాబాదు సంస్థ క్షేత్ర పరిశోధనలు చూపాయి. 1970లో భారత ప్రభుత్వం ఆరు నెలలకొకసారి రెండు లక్షల యూనిట్ల విటమిన్ ఎ ద్రావణాన్ని పిల్లలకిచ్చే జాతీయ కార్యక్రమాన్ని చేపట్టింది. ఒక సంస్థ పరిశోధన ఇంత త్వరగా దేశవ్యాప్త కార్యక్రమంగా మారడం విశేషం.

తరువాత కథ మలుపు తిరిగింది. అమెరికన్ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ సోమర్, ఆయన సహచరులు ఇండొనేషియాలోని ఆచే ప్రాంతంలో పరిశోధించి, విటమిన్ ఎ ఇచ్చిన గ్రామాలలో పిల్లల మరణాలు మూడవ వంతు తగ్గాయని 1986లో ప్రకటించారు. చూపును కాపాడే మందు ప్రాణాన్ని కూడా కాపాడుతుందన్నమాట. ఈ వ్యాసం ప్రపంచమంతటా ఉల్లేఖింపబడినది. 1990లో తమిళనాడు నుండి వచ్చిన వ్యాసం, ప్రతి వారం చిన్న మోతాదు ఇస్తే మరణాలు 54 శాతం తగ్గాయన్నది. అదే సంవత్సరం హైదరాబాదు నుండి విజయరాఘవన్ బృందం ప్రకటించిన వ్యాసం, ఇక్కడి గ్రామాలలో ఆరు నెలలకొకసారి పెద్ద మోతాదు ఇచ్చినా మరణాలలో తేడా కనిపించలేదన్నది. ఒకే ఏడు, పొరుగు రాష్ట్రాలు, రెండు విరుద్ధ ఫలితాలు! అనేక పరిశోధనలను కలిపి లెక్కించినవారు 1993లో సగటున 23 శాతం తగ్గుదల ఉన్నదని తేల్చారు. 2013లో ఉత్తరప్రదేశ్‌లో పది లక్షల మంది పిల్లలపై జరిగిన బృహత్తర పరిశోధన ఫలితం వెలువడగా, తగ్గుదల నాలుగు శాతమే కనిపించింది. అదియైనా యాదృచ్ఛికం కావచ్చు.

వీరిలో ఎవరూ అబద్ధమాడలేదు. తట్టు, విరేచనాలు ఎక్కువగా ఉన్నచోట, విటమిన్ లోపం తీవ్రంగా ఉన్నచోట మందు గుణం ఎక్కువగా కనిపించి ఉండవచ్చు. ప్రతి వారం ఇంటికి వచ్చి బిడ్డను చూచిపోయే కార్యకర్త వల్ల కూడా కొంత మేలు జరిగి ఉండవచ్చు. గోపాలన్ మాత్రం ఒక మాటను జీవితాంతం వదలలేదు. కంటి జబ్బుతో ఉన్న బిడ్డకు మందు ఇవ్వవలసినదే గాని, దేశంలోని బిడ్డలందరికీ ఎల్లకాలం మందు పోస్తూ ఉండటం పోషకాహార విధానం కాదనీ, ఆకుకూరలు, పండ్లు ఇంటింటా దొరికేటట్లు చేయాలనీ ఆయన వాదించారు. తాను సంచాలకులుగా ఉన్న సంస్థ నుండి పుట్టిన కార్యక్రమం విషయంలోనే ఇట్లు వాదించడానికి ధైర్యం కావాలి. ఐతే తోటకూర పెరిగే వరకు ఆగలేని బిడ్డ సంగతేమిటని ప్రత్యర్థులు అడిగిన ప్రశ్నను కూడా తేలికగా త్రోసివేయలేము.

గోపాలన్ చేసిన అన్ని వాదాలలో నాకు అతి ముఖ్యమైనదిగా తోచేది 1983 నాటిది. డేవిడ్ సెక్లర్ అనే అమెరికన్ ఆర్థికవేత్త ఒక కొత్త ఊహను ముందుకు తెచ్చాడు. తక్కువ తిండితో పెరిగిన పిల్లలు పొట్టిగా ఉంటారు. ఐనా ఆరోగ్యంగానే ఉంటారు. వారి శరీరం ఉన్నదానికి తగినట్లు సర్దుకొన్నది. కనుక వారిని పోషకాహార లోపం గలవారిగా లెక్కించనక్కరలేదు. ఇదీ ఆయన వాదసారం. పైకి ఇది శాస్త్ర చర్చ వలె కనిపిస్తుంది. కాని దీనిని అంగీకరిస్తే ఏమవుతుందో ఆలోచించండి. తీవ్ర లోపం గల కొద్దిమంది మినహా, ఓ మాదిరి లోపం గల కోట్లాది పిల్లలు ఒక్క కలంపోటుతో ఆరోగ్యవంతులైపోతారు. వారికి ఆహారం పెట్టే బాధ్యత ప్రభుత్వానికి తప్పిపోతుంది.

గోపాలన్ దీనికి జవాబు ప్రఖ్యాత విదేశీ పత్రికలో వ్రాయలేదు. తాను నడిపే పోషకాహార ఫౌండేషన్ త్రైమాసిక బులెటిన్‌లో వ్రాశారు. అది కొద్ది పుటల పత్రిక. పొట్టితనం ఆరోగ్యమేనని చెప్పే నీతి పేదల పిల్లలకేనా, సంపన్నుల పిల్లలకు కూడానా అని ఆయన సూటిగా ప్రశ్నించారు. బ్రతికి ఉండటమే ఆరోగ్యం కాదు. పెరగవలసినంత పెరగడం, నేర్చుకొనవలసినంత నేర్చుకొనడం, పనిచేయగలిగినంత పనిచేయడం ఆరోగ్యం. పెరగక ఆగిన శరీరం సర్దుకొన్నట్లు కాదు, నష్టపోయినట్లు. కాలికి తగిన చెప్పు కుట్టాలి గాని చెప్పుకు తగినట్లు కాలిని కోయరాదు కదా.

ఇది ఉద్వేగంతో చేసిన వాదం మాత్రమే కాదు. దాని వెనుక హైదరాబాదులో జరిగిన పరిశోధనలు ఉన్నాయి. నగరంలోని సంపన్న కుటుంబాల పిల్లలను కొలిచి 1976లో ప్రకటించిన వ్యాసం, వారి పెరుగుదల అమెరికన్ పిల్లల పెరుగుదలకు తీసిపోలేదని చూపింది. అనగా మనవాళ్ళు పుట్టుకతో పొట్టివారనే మాట చెల్లదు. 1977లో సత్యనారాయణ బృందం ఒక కర్మాగారంలోని కార్మికులను పరిశీలించి, శరీర పరిమాణం ఎక్కువ గలవారు ఎక్కువ పని చేయగలుగుతున్నారని కనుగొన్నది. చిన్ననాట పెరగని శరీరం పెద్దయిన తరువాత కూలి డబ్బులలో కూడా నష్టపోవచ్చుననుటకు ఇది నిదర్శనం.

ఇరవై ఏళ్ళ తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ప్రశ్నను పెద్ద ఎత్తున పరీక్షించింది. బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాలలో తల్లిపాలు త్రాగి, మంచి ఆహారం, మంచి వైద్యం పొందిన పిల్లలను ఎంచుకొని కొలిచారు. మన దేశం తరఫున దక్షిణ ఢిల్లీ పిల్లలు ఇందులో ఉన్నారు. ఆరు దేశాల పిల్లల ఎత్తులు ఆశ్చర్యకరంగా ఒకే తీరున పెరిగాయి. ఈ కొలతల ఆధారంగా 2006లో కొత్త ప్రమాణాలు వెలువడ్డాయి. 2008లో భారత ప్రభుత్వం వాటిని స్వీకరించింది. పొట్టిపిల్లలకు పొట్టి కొలబద్ద అనే వాదం మన అంగన్వాడీలలో అడుగుపెట్టలేదు.

నేడు ఏ అంగన్వాడీ కేంద్రానికి వెళ్ళినా పెరుగుదల చార్టులు కనిపిస్తాయి. ఆడపిల్లలకు గులాబీ రంగు, మగపిల్లలకు నీలం రంగు చార్టు. లోపల ఆకుపచ్చ, పసుపు, నారింజ రంగుల పట్టీలు. కార్యకర్త బిడ్డను తూచి, వయస్సుకు ఎదురుగా బరువును గుర్తించి ఒక చుక్క పెడుతుంది. ఆ చుక్క ఆకుపచ్చలో పడినదా, పసుపులో పడినదా అని తల్లి మెడ సాచి చూస్తుంది. ఆ పట్టీ గీత ఎక్కడ గీయాలన్న దానిపైననే 1983లో అంతటి వివాదం నడిచింది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్ళలోపు పిల్లలలో వయస్సుకు తగిన ఎత్తు లేనివారు దేశంలో నూటికి 35.5 మంది, తెలంగాణలో 33.1 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 మంది. వారిని గూర్చిన పరిశోధనా పత్రాలు హైదరాబాదు నుండి నేటికీ వెలువడుతూనే ఉన్నాయి.